హాప్స్ మందు తేనెటీగలకు సరే, మన ఊజికి కొట్టొచ్చా?

భివండిలో పవర్‌లూమ్ పని చేసే మన గ్రూపు సభ్యుడొకరు ఒక వీడియో పంపి అడిగారు: "బీరులో వేసే హాప్స్ పూల మందుతో తేనెటీగల మీది నల్లిని చంపుతున్నారట. ఊళ్లో నాన్న మేపే పురుగులకు ఊజి తగిలింది. ఇది కొట్టమని చెప్పనా?" ఈ వారం పాఠం దీని మీదే.

వీడియోలో చెప్పింది నిజమే. వరోవా అనే నల్లి తేనెటీగలను పీడిస్తుంది. హాప్స్‌లోని బీటా ఆమ్లాలు పట్టించిన అట్టముక్కలను తేనెపెట్టెలో వేలాడదీస్తారు. మందు తగిలిన నల్లి రాలిపోతుంది. అమెరికాలో 2015లో దీన్ని రిజిస్టర్ చేశారు. అయితే మూసిన గదుల్లో పిల్లల దగ్గర దాక్కున్న నల్లికి మందు అందదు. అందుకే పిల్లలు లేని సమయం చూసి వాడతారు.

మన పురుగుల మీద మాత్రం కొట్టొద్దు. నల్లికి 8 కాళ్లు, అది కీటకం కాదు. ఊజి, పట్టుపురుగు రెండూ కీటకాలే. ఊజిని చంపేది పురుగును వదులుతుందన్న నమ్మకం లేదు.

కానీ నేర్చుకోవలసింది ఒకటుంది: శత్రువు బయట ఉన్నప్పుడే దెబ్బ కొట్టాలి. 1980లో బెంగాల్ గూళ్లతో కర్ణాటకకు వచ్చి, మనదాకా పాకిన ఊజి కూడా అంతే. ఈగ పురుగు ఒంటి మీద తెల్లటి గుడ్డు పెడుతుంది. 2, 3 రోజుల్లో పిల్ల లోపలికి తొలుచుకుపోతుంది, అక్కడ నల్ల మచ్చ పడుతుంది. మచ్చ కనిపించాక ఏ మందూ ఆ పురుగును కాపాడలేదు.

కాబట్టి ఇలా చేయండి:

1. ఈగ రాకుండా: కిటికీలకు, తలుపులకు నైలాన్ వల కట్టండి. చిరుగులు ఉంటే ఈరోజే కుట్టండి.

2. వచ్చిన ఈగకు: ఊజి ట్రాప్ బిళ్ల 1 లీటరు నీటిలో కరిగించి, తెల్ల ట్రేలో పోసి షెడ్డు లోపలా బయటా కిటికీ ఎత్తులో పెట్టండి.

3. గుడ్డు దశలో: ఊజిసైడ్‌ను లేబుల్ మీద చెప్పిన రోజుల్లో కొట్టండి.

4. బయటికొచ్చిన ఊజి పురుగులు, ప్యూపాలు: ఏరి 0.5 శాతం సబ్బునీళ్లలో వేయండి. నేల పగుళ్లు పూడ్చండి.

5. మిగిలిన ప్యూపాలకు: నెసోలింక్స్ థైమస్ మిత్రకీటకాలను 100 గుడ్ల పంటకు సుమారు 1 లక్ష చొప్పున, 5వ దశ 2వ రోజు సాయంత్రం వదలండి. షెడ్డులో పురుగుమందు కొడితే ఇవీ చస్తాయి.

ఊజి తగిలిన పురుగులను, మచ్చ ఉన్నవాటిని ఏరి కాల్చేయమని నాన్నగారికి ఈరోజే ఫోన్ చేసి చెప్పండి. వీడియోలో కొత్త మందు చూస్తే, కొనే ముందు గ్రూపులో అడగండి.