సైకిలు వెనుక దీపం ఎక్కడ కట్టాలి?

సైకిలుకి ముందు లైటు మనకు దారి చూపిస్తుంది. వెనుక లైటు మనకేమీ చూపించదు, మనల్ని వేరేవాళ్లకు చూపిస్తుంది. తొక్కుతున్నంతసేపూ అది వెలుగుతోందో ఆరిపోయిందో మనకు తెలియను కూడా తెలియదు. అందుకే కొనడం గురించి కొంచెం, బిగించడం గురించి ఎక్కువ రాస్తున్నాను.

మా ఊరు లమ్తపుట్, ఒడిశాలో కొరాపుట్ జిల్లా. మనలో చాలామంది అరకు చూసే ఉంటారు, అక్కడి నుంచి ఇంకా కొండల్లోకి వస్తే మా వైపు. దగ్గర్లోనే మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం ఉంది. అక్కడ కరెంటు పుట్టడం 1955లో మొదలైంది. ఆ తీగలు మా కొండల మీదుగానే వెళ్తాయి గానీ, ఊరు దాటితే రోడ్డు మీద ఒక్క దీపం ఉండదు. నవంబరు, డిసెంబరు నెలల్లో ఐదున్నర లోపే పొద్దు గూకుతుంది. దానికి తోడు మంచు, మలుపులు. హైస్కూలు ఆడపిల్లలు బడికీ ట్యూషన్‌కీ సైకిళ్ల మీదే తిరుగుతారు.

పోయిన చలికాలం మా పిన్ని కూతురు ట్యూషన్ నుంచి వస్తుంటే వెనక నుంచి జీపు తగిలింది. కాలు విరిగింది. రెండు నెలలు మంచం మీదే ఉంది. ఇంట్లో అందరూ అన్న మాట ఒకటే, "చీకటి పడ్డాక ఆడపిల్లకి సైకిలెందుకు?" దాని సైకిలుకి వెనుక లైటు ఉంది. ఆ రోజు వెలిగింది కూడా. కాకపోతే అది సీటు కింద పైపుకి ఉంది, దాని వెనకాల క్యారియర్ మీద పుస్తకాల సంచి ఉంది. జీపు వైపు నుంచి చూస్తే సంచి తప్ప ఏమీ లేదు. ఈ సంగతి గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. చెల్లి ట్యూషన్ మాత్రం ఆగిపోయింది.

దూరం లెక్క ఒకసారి చూడండి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు వస్తుంది. డ్రైవరు మనల్ని చూసి బ్రేకు మీద కాలు వేయడానికి సెకనున్నర పడుతుందనుకుంటే, అప్పటికే 25 మీటర్లు అయిపోయాయి. బ్రేకు వేశాక పొడి రోడ్డు మీదైనా ఇంకో 20 మీటర్లు కావాలి. తడి రోడ్డయితే ఇంకా ఎక్కువ. అంటే కనీసం 50, 60 మీటర్ల ముందే మనం అతని కంట పడాలి.

కొత్త సైకిలుకి వెనక ఎర్రటి రిఫ్లెక్టరు వస్తుంది కదా, అది చాలదా అని అడుగుతారు. అది సొంతంగా వెలగదు. బండి హెడ్‌లైటు సరిగ్గా దాని మీద పడితేనే మెరుస్తుంది. మలుపులో వెలుతురు పక్కకి పోతుంది, అప్పుడు అది ఉన్నా లేనట్టే. బురద పట్టినా అంతే. తీసెయ్యొద్దు, తుడుచుకోండి, కానీ దాన్ని మాత్రమే నమ్ముకోవద్దు. తాతల కాలం డైనమోకి బ్యాటరీ ఖర్చు లేదు గానీ, సైకిలు ఆగితే లైటూ ఆగిపోతుంది. మనం రోడ్డు దాటడానికి ఆగినప్పుడు కూడా ప్రమాదం ఉంటుంది.

కాబట్టి బ్యాటరీతో నడిచే ఎల్‌ఈడీ లైటే మేలు. ఫోన్ చార్జర్‌తో చార్జింగ్ అయ్యేదైతే హాస్టల్లో ఉండేవాళ్లకి సులువు. పెట్టె మీద ఐపీఎక్స్4 అని ఉందేమో చూడండి, ఏ వైపు నుంచి నీళ్లు చిందినా తట్టుకుంటుందని దాని అర్థం. మిణుకుమనే లైటు మంచిదా, నిలకడగా వెలిగేది మంచిదా అన్నదాని మీద దేశాలే ఏకాభిప్రాయానికి రాలేదు. జర్మనీలో సైకిలుకి మిణుకు లైటు పనికిరాదు, బ్రిటన్‌లో 2005 నుంచి ఒప్పుకున్నారు. మిణుకు తొందరగా కంట పడుతుంది, నిలకడ లైటుతో దూరం అంచనా కుదురుతుంది. మాలాంటి చీకటి రోడ్డుకి నా ఓటు నిలకడ లైటుకే.

రంగు ఎరుపే ఉండాలి. ఎరుపు మంచులో ఎక్కువ దూరం పోతుందని కొందరంటారు. మంచు బిందువులు కాంతి తరంగాల కంటే చాలా పెద్దవి, అన్ని రంగుల్నీ ఇంచుమించు ఒకేలా చెదరగొడతాయి. అసలు కారణం అలవాటు. ఎరుపు కనబడితే అది బండి వెనుక భాగమని ప్రతి డ్రైవరుకీ తెలుసు. మా ఇంట్లో అయితే రంగు దగ్గరే తమాషా జరిగింది. ఒడియాలో వెనుకని 'పఛ' అంటారు. మా అమ్మ తెలుగు లిపిలో 'పఛ లైటు' అని చీటీ రాసిస్తే, షాపాయన శ్రద్ధగా ఆకుపచ్చ లైటు కట్టిచ్చాడు!

ఇక బిగించడం. లైటుతో పాటు వచ్చే రబ్బరు పట్టీ సీటు పైపు కోసం చేసింది. క్యారియర్ లేని రేసు సైకిళ్లకి అది బాగుంటుంది. మన సైకిళ్లకి సంచి, బస్తా, వెనక కూర్చునే స్నేహితురాలు, జారే చున్నీ, అన్నీ దానికి అడ్డమే. క్యారియర్ చివరి కడ్డీకి గానీ, వెనుక మడ్‌గార్డుకి గానీ బిగించాలి. మడ్‌గార్డు మీద రిఫ్లెక్టరు బోల్టుకి పైన చిన్న రంధ్రం వేయించి, బోల్టుకి రెండు వైపులా వాషర్లు వేసి, ప్లాస్టిక్ రింగు ఉన్న లాక్‌నట్టు పెట్టండి. మామూలు నట్టు గుంతల రోడ్డు మీద నెల తిరక్కుండా వదులవుతుంది. బోల్టు కొన టైరుకి తగలకుండా చక్రం తిప్పి చూసుకోవాలి. క్యారియర్ కడ్డీకైతే ముందు పాత ట్యూబు ముక్క రెండు చుట్లు చుట్టి, దాని మీద క్లాంపు బిగిస్తే పక్కకి తిరగదు. క్లాంపు లేకపోతే ప్లాస్టిక్ ట్యాగులు రెండు, ఇంటూ గుర్తులా అడ్డంగా వేయండి. ఒక్కటే వేస్తే లైటు కిందికి వాలిపోయి రోడ్డుకి దీపం పడుతుంది. అది నేలకి కాదు, వెనక్కి తిన్నగా చూడాలి.

సంక్రాంతి సెలవుల్లో చెల్లి సైకిలుకి ఇలాగే క్యారియర్ చివర కట్టాను. చీకటి పడ్డాక దాన్ని సంచితో సహా ఎక్కించి, బాబాయిని రోడ్డు మీద 80 అడుగులు వెనక్కి నడిపించాను. ముందు నిలబడి, తర్వాత జీపు సీటు ఎత్తుకి వంగి చూడమన్నాను. మలుపు దగ్గర్నుంచి కూడా చూశాడు. రెండు చోట్లా కనబడిందన్నాడు. పిన్ని ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. వారంలో రెండు రోజులు పంపుతోంది.

మీ సైకిలుకీ ఇలాగే ఇద్దరు కలిసి చూడండి, సంచి లేకుండా చూస్తే లెక్కలోకి రాదు. స్టాండులో పెట్టేటప్పుడు ఊడదీయగలిగిన లైటైతే తీసి సంచిలో వేసుకోండి, లేకపోతే సాయంత్రానికి ఉండదు. ట్యాగులతో కట్టినదాన్ని ఎవరూ ఓపిగ్గా కోయరు. ఎండకి ట్యాగులు పెళుసెక్కుతాయి కాబట్టి నాలుగు నెలలకోసారి కొత్తవి వేయండి.