తెగిన టెండన్, దాత ఇచ్చిన టెండన్: షరీఅత్ మార్గదర్శకం

దివ్య ఖుర్ఆన్ 75వ సూరా ‘అల్ ఖియామహ్’ తొలి ఆయతుల్లో, మనిషి ఎముకలను తిరిగి ఎవరు కూర్చగలరని సందేహించేవారికి అల్లాహ్ జవాబిచ్చాడు. ఎముకలే కాదు, వాని వేలి కొనలను సైతం సరిగ్గా తీర్చిదిద్దగల శక్తి తనకుందని తెలియజేశాడు. ఆ ప్రభువు మనకిచ్చిన వేళ్ళ విలువ, అవి కదలకుండా పోయిన రోజున గానీ మనకు తెలిసిరాదు.

ఇటీవల ఒక కుటుంబం మా ముందు ఒక సమస్య ఉంచింది. ఇంటిని పోషించే యువకుని అరచేయి పనిలో యంత్రానికి చిక్కుకుంది. గాయం మానింది గానీ మూడు వేళ్ళు ముడుచుకోవడం లేదు. చనిపోయిన దాత నుండి సేకరించిన టెండన్‌ను అమర్చే మార్గం ఉందని డాక్టర్లు చెప్పారు. “మృతుని శరీర భాగం ఒంట్లో ఉంటే నమాజు చెల్లుతుందా?” అన్నది ఇంటి పెద్దల దిగులు. ఈ ప్రశ్న రేపు ఏ ఇంటికైనా రావచ్చు. కనుక దీన్ని వివరంగా పరిశీలిద్దాం.

టెండన్ అంటే ఏమిటి?

మన ఇళ్ళలో “నరం తెగింది” అంటాం. చాలాసార్లు తెగేది నరం కాదు, టెండన్. కండరాన్ని ఎముకతో కలిపే తెల్లని, గట్టి తాడు అది. వేళ్ళను ముడిచే ముఖ్యమైన కండరాలు ముంజేతిలో ఉంటాయి. అక్కడి నుండి ఒక్కో వేలికి రెండేసి, బొటనవేలికి ఒకటి, మొత్తం తొమ్మిది టెండన్లు మణికట్టులోని ఒకే ఇరుకు దారి గుండా వేళ్ళలోకి వెళ్తాయి. తాడు తెగితే కండరం లాగినా వేలు కదలదు.

తాజా గాయమైతే తెగిన కొనలను కలిపి కుట్టేస్తారు. ఇందులో ధార్మిక సందేహానికి తావే లేదు. ఆలస్యమైతే కొనలు వెనక్కి లాక్కుపోతాయి, మచ్చకట్టి అతుక్కుపోతాయి. అప్పుడు మరో టెండన్ ముక్కను అతకవలసి వస్తుంది. దారి బాగా దెబ్బతిని ఉంటే ముందుగా సిలికాన్ కడ్డీని అమర్చి, కొన్ని నెలల తర్వాత దాని స్థానంలో టెండన్‌ను ఉంచుతారు.

షరీఅత్‌లో చేతి విలువ

ఉహుద్ యుద్ధంలో (హిజ్రీ 3) హజ్రత్ తల్హా (రజి) తన చేతిని అడ్డుపెట్టి దైవప్రవక్త (స)ను కాపాడారు. ఆ చేయి తర్వాత చచ్చుబడి ఉండగా తాను చూశానని ఖైస్ బిన్ అబీ హాజిమ్ తెలిపిన ఉల్లేఖనం సహీహ్ బుఖారీలో ఉంది.

పరిహారం (దియత్) విషయంలో ప్రతి వేలికీ పది ఒంటెలని హదీసుల్లో నిర్ణయించబడింది. చిటికెన వేలు, బొటనవేలు ఇందులో సమానమే. రెండు చేతులకు పూర్తి దియత్, అంటే వంద ఒంటెలు; ఒక చేతికి అందులో సగం. ఇక్కడ ఒక సూక్ష్మం గమనించండి. చేయి తెగిపడకపోయినా, దెబ్బకు పూర్తిగా చచ్చుబడితే చేతి దియత్ మొత్తం చెల్లించాలని ఫుఖహా చెప్పారు. అంటే షరీఅత్ దృష్టిలో చేతి పని పోవడం చేయి పోవడం లాంటిదే. కనుక కదలని వేళ్ళకు చికిత్స కోరడం అందం కోసం పడే ఆరాటం కాదు, నిజమైన అవసరం.

జాహిలియ్యత్ కాలంలో ఒక యుద్ధంలో ముక్కు కోల్పోయిన హజ్రత్ అర్ఫజా (రజి) వెండి ముక్కు పెట్టుకున్నారు. అది వాసన వేయసాగింది. దైవప్రవక్త (స) ఆయన్ను బంగారు ముక్కు పెట్టుకోమని ఆదేశించారు. పురుషులకు బంగారం నిషిద్ధమైనా, పోయిన అవయవం కోసం దానికి అనుమతి లభించింది.

టెండన్ ఎక్కడి నుండి?

మొదటి మార్గం స్వంత శరీరం. ముంజేతిలో ‘పామారిస్ లాంగస్’ అనే సన్నని టెండన్ ఉంటుంది. కొందరికి అది పుట్టుకతోనే ఉండదు, ఉన్నవారికి తీసినా పెద్దగా లోటు తెలియదు. కాలి నుండి కూడా టెండన్ తీసుకుంటారు. హాని కంటే మేలు ఎక్కువైతే ఇది ధర్మసమ్మతమని మన దేశంలోని ఇస్లామిక్ ఫిఖ్హ్ అకాడమీ, జెద్దాలోని అంతర్జాతీయ ఫిఖ్హ్ అకాడమీ రెండూ తీర్మానించాయి. కాబట్టి డాక్టరును మొదట అడగవలసింది దీని గురించే.

అనేక వేళ్ళు దెబ్బతిని, స్వంత టెండన్లు చాలనప్పుడు రెండో మార్గం దాత టెండన్. దాత రక్తంలో హెచ్ఐవీ, హెపటైటిస్ వంటివి లేవని పరీక్షించి, టెండన్‌ను శుద్ధి చేసి, గడ్డకట్టించి భద్రపరుస్తారు. టెండన్‌లో జీవకణాలు తక్కువ కనుక, కిడ్నీ మార్పిడిలో లాగా జీవితాంతం మందులు వాడవలసిన అవసరం సాధారణంగా రాదు.

ఇక్కడే ఉలమాల మధ్య భిన్నాభిప్రాయం ఉంది. మృతుని ఎముక విరవడం బతికున్నవాని ఎముక విరవడం లాంటిదని హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించిన హదీసు అబూ దావూద్‌లో ఉంది. మానవ శరీరానికున్న ఈ గౌరవం దృష్ట్యానే ముఫ్తీ ముహమ్మద్ షఫీ (మరణం 1976) వంటి పెద్దలు మానవ అవయవాల మార్పిడిని అనుమతించలేదు. మన దేశపు హనఫీ ఉలమాలలో అనేకులది ఇదే వైఖరి. మరోవైపు 1988లో జెద్దా అకాడమీ, మనిషి ప్రాణం గానీ, శరీరంలోని ఒక మౌలికమైన పని గానీ ఆధారపడి ఉన్నప్పుడు మృతుని అవయవాన్ని స్వీకరించవచ్చని తీర్మానించింది. మృతుడు ముందే అనుమతించి ఉండాలి, లేదా వారసులు సమ్మతించాలి. అమ్మకం, కొనుగోలు పనికిరావు. మన దేశ చట్టం కూడా 1994 నుండి అవయవాల వ్యాపారాన్ని నేరంగా పరిగణిస్తోంది. 2011 సవరణతో కణజాలం కూడా దాని పరిధిలోకి వచ్చింది.

మా విన్నపం ఇది: స్వంత టెండన్‌తో పని జరిగితే అదే ఉత్తమం. జరగదని నమ్మకస్తుడైన నిపుణుడు చెబితే, ఆ వైద్య నివేదికతో మీరు విశ్వసించే ముఫ్తీని సంప్రదించండి. అతుకు చికిత్స సాధారణంగా గాయం మానిన తర్వాతే కనుక అడగడానికి వ్యవధి ఉంటుంది. అనుమతి మేరకు చికిత్స చేయించుకున్న సోదరుణ్ణి నిందించే హక్కు ఎవరికీ లేదు. దూరంగా ఉండిపోయినవారినీ ఎగతాళి చేయరాదు.

నమాజు, వుజూ

విశ్వాసి అపరిశుద్ధుడు కాడని దైవప్రవక్త (స) సెలవిచ్చారు. శరీరం లోపల కలిసిపోయిన టెండన్ ఇక ఆ వ్యక్తి శరీరంలో భాగమే. చికిత్సను అనుమతించిన ఉలమాల దృష్టిలో అతని నమాజుకు అది ఆటంకం కాదు. దాత ఎవరన్న దిగులూ అక్కరలేదు. టెండన్‌కు స్వంత కర్మలంటూ ఉండవు.

చికిత్స తర్వాత వారాల తరబడి చేతికి కట్టు ఉంటుంది. దాన్ని విప్పితే హాని అయినప్పుడు, మిగతా అవయవాలను కడిగి, కట్టు మీద తడిచేత్తో మసహ్ చేస్తే సరిపోతుంది. మేజోళ్ళ మసహ్‌కు ఉన్నట్లు దీనికి కాలపరిమితి లేదు. సజ్దాలో అరచేయి ఆనించలేకపోతే అశక్తునికి క్షమాపణ ఉంది. కుడిచేయి పనిచేయనంత కాలం ఎడమచేత్తో తినడంలో దోషం లేదు. డాక్టరు చెప్పిన వ్యాయామాన్ని మాత్రం మానకండి. లేకుంటే టెండన్ చుట్టూ అతుక్కుపోయి ఆపరేషన్ వృథా అవుతుంది.

ఇళ్ళలో గుర్తుంచుకోండి

ఖుర్బానీ రోజున కత్తులతో, సంక్రాంతికి పతంగుల మాంజాతో చేతులు తెగుతుంటాయి. గాయంపై పసుపు, కాఫీ పొడి చల్లకండి. శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి, చేయి పైకెత్తి ఉంచి ఆసుపత్రికి తీసుకెళ్ళండి. పైచర్మానికి కుట్లు పడ్డాయి కదా అని తృప్తిపడకండి. ప్రతి వేలూ ముడుచుకుంటోందా, స్పర్శ తెలుస్తోందా అని డాక్టరుతో పరీక్ష చేయించండి. ఆ రోజు చేసే ఈ చిన్న పని చాలా సందర్భాలలో దాత అవసరమే రాకుండా చేస్తుంది.

యాసీన్ సూరాలో అల్లాహ్ తెలిపినట్లు, తీర్పుదినాన నోళ్ళకు ముద్ర పడుతుంది, చేతులు మాట్లాడతాయి. తిరిగి కదలిన చేయి ఒక అమానతు. అది హలాల్ సంపాదనకు, దానానికి, దుఆకు లేవాలి. గాయపడిన ప్రతి చేతికీ అల్లాహ్ స్వస్థత ప్రసాదించుగాక! ఆమీన్.