పాసుపుస్తకంలో చివరి అంకె

అక్కలారా! 2020 మార్చి నెల మీకు గుర్తుందా? 22వ తేదీ ఆదివారం. జనతా కర్ఫ్యూ అన్నారు. ఒక్క రోజే కదా అనుకున్నాం. 25వ తేదీ నుంచి దేశమంతా లాక్‌డౌన్ పెట్టారు. కరోనా జబ్బు మనిషి నుంచి మనిషికి అంటుకుంటుంది. అందుకే ఎవరింట్లో వాళ్ళు ఉండాలన్నారు. మొదట 21 రోజులు అన్నారు. మే నెలాఖరు దాకా పొడిగించారు.

బస్సులు ఆగాయి. రైళ్ళు ఆగాయి. పెళ్ళిళ్ళూ ఆగాయి. కడియం వైపు పూలు కొనే నాథుడు లేడు. పూలు చెట్టునే వాడిపోయాయి. పూలు కోసే ఆడవాళ్ళకు కూలి పోయింది.

మగవాళ్ళు ఇంట్లోనే. పిల్లలు ఇంట్లోనే. అందరికీ సెలవు. మనకు మాత్రం సెలవు లేదు. రోజుకు ఎన్నిసార్లు టీ పెట్టామో లెక్క లేదు. గిన్నెలు కడిగిన చెయ్యి ఆరలేదు. దీనికి కూలి ఎవరూ కట్టలేదు లెండి.

రేషన్ బియ్యం ఇచ్చారు. బియ్యం ఒక్కటే ఉంటే సరిపోతుందా? పప్పు, నూనె, సబ్బు, మందులు కావాలి కదా!

జన్‌ధన్ ఖాతా ఉన్న ఆడవాళ్ళకు కేంద్ర ప్రభుత్వం నెలకు 500 రూపాయలు వేసింది. ఏప్రిల్, మే, జూన్ మూడు నెలలు వేసింది. అందరూ ఒకేసారి బ్యాంకుకు వస్తే జబ్బు అంటుకుంటుంది. అందుకని ఖాతా నంబరులో చివరి అంకెను బట్టి రోజులు పంచారు.

0, 1 అయితే ఏప్రిల్ 3.
2, 3 అయితే ఏప్రిల్ 4.
4, 5 అయితే ఏప్రిల్ 7.
6, 7 అయితే ఏప్రిల్ 8.
8, 9 అయితే ఏప్రిల్ 9.

ఆ తరువాత ఎప్పుడైనా తీసుకోవచ్చు.

మా వీధిలో ఒక పిన్ని ఉంది. మొదటి రోజే బ్యాంకుకు బయలుదేరింది. "వెంటనే తీసుకోకపోతే డబ్బులు వెనక్కి పోతాయంట కదమ్మా!" అని అడిగింది. ఈ పుకారు చాలా ఊళ్ళలో తిరిగింది. అది నిజం కాదని ప్రభుత్వమే చెప్పింది.

"పుస్తకం తీయండి పిన్నీ. నంబరు చివర ఏముందో చూడండి" అన్నాను.

ఆవిడ వేలు పెట్టి ఒక్కొక్క అంకే చదివింది. చివర 7 ఉంది.

"అయితే నాది ఎనిమిదో తారీఖు! ఈ ఎండలో ఇవాళ ఎందుకు పోవడం?" అని చెప్పులు విప్పేసింది.

మే నెల డబ్బులు కూడా ఇలాగే రోజులు పంచి వేశారు. మొదటి రోజు మే 4. మన రాష్ట్రంలో మద్యం దుకాణాలు కూడా ఆ రోజే తెరిచారు. నలభై రోజులకు పైగా అవి మూసి ఉన్నాయి. ఆ రోజుల్లో కొన్ని ఇళ్ళలో సాయంత్రం పూట గొడవ లేదు. ఆ సంగతి మన అక్కలకు తెలుసు. ధర 25 శాతం పెంచారు. మర్నాడు మళ్ళీ పెంచారు. అయినా జనం బారులు తీరారు.

పిన్ని వంతు మే 8న వచ్చింది. ఆవిడ బ్యాంకుకు వెళ్ళలేదు.

"వెనక్కి పోవని చెప్పావు కదమ్మా! ఖాతాలోనే ఉండనీ. ఇంటికి తెస్తే ఎటు పోతాయో నాకు తెలుసు" అంది.

జూన్‌లో రెండు నెలలవీ కలిపి 1000 రూపాయలు తీసింది. బ్యాంకు కాగితం తనే నింపింది. సంతకం పెట్టింది.

చదవండి, చెప్పండి:
మీ పాసుపుస్తకం తీయండి. ఖాతా నంబరులో చివరి అంకె ఏది? ఆ లెక్కన ఏప్రిల్‌లో మీ రోజు ఏది?