మెదడు గాయం – మందుకు పరీక్ష

సోంపేట, కవిటి, పలాస ప్రాంతాలలో విస్తరించిన ఉద్దానం కొబ్బరి, జీడి తోటలకు ప్రసిద్ధి. చెట్టెక్కి కాయలు దింపేవానికి పట్టు తప్పితే ప్రాణగండమే. సమీపంలోని 16వ జాతీయ రహదారిపై శిరస్త్రాణం లేకుండా చేసే ప్రయాణమూ అటువంటిదే.

తలకు బలమైన దెబ్బ తగిలినపుడు మెదడుకు రెండు విధాల హాని కలుగుతుంది. తాకిడి వలన ఆ క్షణంలోనే కలిగేది మొదటిది. దానిని ఏ ఔషధమూ వెనుకకు మళ్ళించలేదు. ఆ తరువాత గంటల తరబడి, రోజుల తరబడి సాగేది రెండవది. వైద్యుల ప్రయత్నమంతా దీనిని అడ్డుకోవడానికే.

సముద్రపు గాలికి ఇనుము తుప్పు పట్టడం తీరవాసులు నిత్యం చూచేదే. ఇనుము ఆక్సిజన్‌తో కలియడమే అందుకు మూలం. మెదడులోనూ ఇటువంటి ముప్పు ఉన్నది. శరీరపు బరువులో సుమారు 2 శాతమే ఉండే మెదడు, విశ్రాంతి వేళ శరీరం వినియోగించే ఆక్సిజన్‌లో సుమారు 20 శాతం తీసుకొంటుంది. పైగా దానిలో కొవ్వు పదార్థాలు అధికం. గాయం వలన ఎక్కువగా పుట్టే ఫ్రీ రాడికల్స్ ఆ కొవ్వులను ఆక్సీకరించి కణాల పొరలను పాడుచేస్తాయి. విటమిన్ సి, విటమిన్ ఇ, ఎన్-అసిటైల్ సిస్టీన్ వంటి యాంటీ ఆక్సిడెంట్లు వాటిని అణచగలవు. కనుక అసలు చికిత్సకు తోడుగా వీటిని ఇస్తే మేలు కలుగుతుందని శాస్త్రజ్ఞులు ఆశించారు.

ఊహ చక్కనిదే. కాని వైద్యంలో ఊహకు పరీక్ష తప్పదు. జంతువులలో ఆశ కలిగించిన టిరిలజాడ్ అనే మందు తలగాయపు రోగులలో ఆ ఆశను నిలుపలేదు. కొవ్వుల ఆక్సీకరణాన్ని ఆపగలదని భావించిన మిథైల్ ప్రెడ్నిసొలోన్‌ను 'క్రాష్' అనే అధ్యయనంలో పరీక్షించారు. అందులో పాల్గొన్నవారు 10,008 మంది. 2004లో ఫలితాలు వెలువడినపుడు, మందు పొందినవారిలోనే మరణాలు హెచ్చుగా ఉన్నట్లు తేలింది. మరొకవైపు, పేలుళ్ళలో స్వల్పంగా గాయపడిన అమెరికా సైనికులకు ఎన్-అసిటైల్ సిస్టీన్ కొంత మేలు చేసినట్లు 2013లో ప్రచురితమైన చిన్న అధ్యయనం తెలిపింది. అయితే తీవ్రమైన గాయాలకు ఆ ఒక్క ఫలితం ప్రమాణం కాజాలదు.

అందువలన యాంటీ ఆక్సిడెంట్లు నేటికీ పరిశోధన దశను దాటలేదు. శ్వాస నిలపడం, రక్తపోటు పడిపోకుండా చూడడం, సి.టి. స్కాన్ తీయడం, అవసరమైతే శస్త్రచికిత్స చేయడం – ఇవే ప్రధానం. గాయపడినవానిని అనవసరంగా కదల్చరాదు. స్పృహ లేనివాని నోట నీరు పోయరాదు. వెంటనే 108 వాహనాన్ని పిలవాలి. విటమిన్ మాత్రలను నమ్మి కాలయాపన చేయడం ప్రమాదకరం. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకోవడం కంటె, బండి ఎక్కేముందే శిరస్త్రాణం ధరించడం వివేకవంతుల లక్షణం.