మరుగుదొడ్డికో మ్యూజియం: రెండు సెంటీమీటర్ల నీరు చెప్పే కథ

ఢిల్లీ వెళ్లినవారు ఎర్రకోట, కుతుబ్‌మినార్ చూసి వస్తారు. పాలం ప్రాంతంలోని మహావీర్ ఎన్‌క్లేవ్‌లో ఉన్న ఓ చిన్న మ్యూజియం గురించి తెలిసినవారు తక్కువే. అందులో ఉన్నవన్నీ మరుగుదొడ్లకు సంబంధించినవే! సులభ్ సంస్థ వ్యవస్థాపకుడు బిందేశ్వర్ పాఠక్ 1992లో దీన్ని ఏర్పాటు చేశారు.

లోపలికి వెళ్లగానే నవ్వొస్తుంది. ఒకచోట ఫ్రెంచి రాజు సింహాసనం నమూనా ఉంటుంది. చూడ్డానికి దర్జాగా ఉన్నా, కూర్చునే పలక కింద ఉండేది మలపాత్ర. మరోచోట లావుపాటి పుస్తకాల దొంతర కనిపిస్తుంది. నిజానికి అదీ కమోడే. చూసి నవ్వుకున్నాక ఒక ప్రశ్న మిగులుతుంది. రాజుగారి ఆ పాత్రను రోజూ ఎత్తి పారబోసింది ఎవరు?

మరుగుదొడ్డి చరిత్ర అంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. 16వ శతాబ్దం చివర్లో ఇంగ్లండ్‌లో జాన్ హారింగ్టన్ నీటితో శుభ్రమయ్యే మరుగుదొడ్డిని రూపొందించాడు. కానీ కిందనుంచి దుర్వాసన పైకి రాకుండా ఆపే ఏర్పాటు అందులో సరిగా లేదు. 1775లో అలెగ్జాండర్ కమ్మింగ్ అనే గడియారాల తయారీదారు గొట్టాన్ని ఎస్ ఆకారంలో వంచి పేటెంట్ పొందాడు. ఆ వంపులో ఎప్పుడూ కొంత నీరు నిలిచి ఉంటుంది. అటువైపు ఉన్న వాయువు ఇటు రావాలంటే ఆ నీటిని నెట్టుకుని రావాలి. దీన్నే వాటర్ సీల్ అంటారు.

చాలాకాలం వాడని స్నానాల గదిలో వాసన ఎందుకొస్తుందో ఇప్పుడు అర్థమవుతుంది. అక్కడి గొట్టం వంపులోని నీరు ఆవిరైపోయి ఉంటుంది. ఒక మగ్గు నీళ్లు పోస్తే చాలు, తలుపు మళ్లీ మూసుకున్నట్టే.

సులభ్ మరుగుదొడ్డిలో ఈ సీల్ లోతు 20 మిల్లీమీటర్లే. అంత నీరు నిలువరించగల పీడనం సుమారు 200 పాస్కల్‌లు, అంటే వాతావరణ పీడనంలో దాదాపు ఐదువందలో వంతు. ఇంత కొద్దిది ఎలా సరిపోతుంది? గుంత గోడల్లో కన్నాలు ఉంటాయి. వాయువులు వాటి గుండా చుట్టూ ఉన్న మట్టిలోకి పోతాయి కాబట్టి లోపల పీడనం పెరగదు. సీల్ లోతు తక్కువ, బేసిన్ వాలు ఎక్కువ కావడంతో ఒకటిన్నర నుంచి రెండు లీటర్ల నీళ్లు పోస్తే శుభ్రమవుతుంది. పాతకాలపు ఫ్లష్ ట్యాంకులు ప్రతిసారీ 10 లీటర్లకు పైగా వదిలేవి. నీళ్లు బిందెలతో మోసుకొచ్చే ఇంట్లో ఇది చిన్న తేడా కాదు.

మిగిలిన పని కాలం చేస్తుంది. ఈ పద్ధతిలో రెండు గుంతలుంటాయి. ఒకటి నిండాక దాన్ని మూసి, రెండోదాన్ని వాడతారు. మూసిన గుంతలో నీరు మట్టిలోకి ఇంకిపోతుంది. సూక్ష్మజీవులు మలాన్ని కుళ్లబెడతాయి, రోగకారక క్రిములు క్రమంగా చనిపోతాయి. సుమారు రెండేళ్లకు అది వాసన లేని పొడి ఎరువుగా మారుతుంది. 2017 ఫిబ్రవరిలో వరంగల్ ప్రాంతంలోని గంగదేవిపల్లిలో కేంద్ర తాగునీరు, పారిశుద్ధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ స్వయంగా అలాంటి గుంతలోకి దిగి, ఆ ఎరువును బయటికి తీశారు.

మలాన్ని మనుషుల చేత ఎత్తించే పనిని 1993లో ఒకసారి, 2013లో మరింత గట్టిగా చట్టాలు నిషేధించాయి. అయినా సెప్టిక్ ట్యాంకుల్లోకి దిగినవారు హైడ్రోజన్ సల్ఫైడ్ వంటి విషవాయువులకు బలవుతున్న వార్తలు ఆగలేదు. రెండు గుంతల పద్ధతి అన్ని చోట్లా కుదరదు. భూగర్భజలం బాగా పైన ఉన్నచోట, బావికి దగ్గరలో వేరే ఏర్పాటు చూడాలి. రెండు గుంతలనూ ఒకేసారి వాడితే ఫలితం ఉండదు. దేనికీ విరామం దొరకదు, నిండినప్పుడు మళ్లీ పచ్చి మలాన్నే ఎత్తాల్సి వస్తుంది.

అందుకే ఇల్లు కట్టించుకునేటప్పుడు టైల్స్ రంగు ఎంచుకునే ముందు మేస్త్రీని ఒక మాట అడగండి. ఈ గొట్టం ఎక్కడికి పోతుంది? అది నిండిన రోజున దాన్ని ఖాళీ చేసేది ఎవరు, ఎలా?