డాక్టరు సుత్తి ఏం చెబుతుంది?

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. పదేళ్లుగా షుగరు. అరికాళ్లు తిమ్మిరెక్కుతున్నాయంటే రేపల్లెలో చూపించాం. డాక్టరుగారు సుత్తితో కొడితే మోకాళ్ల దగ్గర కాళ్లు ఎగిరాయి గానీ మడమల వెనక కదలిక రాలేదు. రెండు చేతుల వేళ్లూ పెనవేసి గట్టిగా లాగమని మళ్లీ కొట్టారు. చీటీలో ‘యాంకిల్ జర్క్ లేదు’ అని రాశారు. నరాలు చచ్చిపోయాయి, ఇక పక్షవాతమేనని ఊళ్లో అంటున్నారు. నిజమేనా?
- ఒక పాఠకురాలు, పెనుమూడి

జవాబు: కాదమ్మా, ఆ మాట పట్టించుకోకండి. మెదడు దెబ్బతిని వచ్చే పక్షవాతంలో తొలి రోజులు గడిచాక ఆ పక్క జర్కులు పెరుగుతాయే గానీ పోవు.

సుత్తి తగలగానే స్నాయువు చటుక్కున సాగుతుంది. ఆ కబురు నరం వెంట వెన్నుపాముకు చేరి, మెదడు ఆజ్ఞ కోసం ఆగకుండా అక్కడి నుంచే కండరానికి తిరిగొస్తుంది. 1875లో జర్మనీలో ఎర్బ్, వెస్ట్‌ఫాల్ అనే వైద్యులు ఎవరికి వారుగా ఈ మోకాలి కుదుపును వివరించారు. షుగరు ముందుగా పొడవైన నరాల కొసలను దెబ్బతీస్తుంది. అందుకే తిమ్మిర్లు పాదాల్లో మొదలవుతాయి, మడమ జర్కు మోకాలి జర్కు కన్నా ముందు పోతుంది. పెద్ద వయసులో షుగరు లేని కొందరికీ అది దొరకదు. కాబట్టి ఒక్క సుత్తి దెబ్బతో తేల్చరు. ట్యూనింగ్ ఫోర్కు అదురు, గుచ్చితే నొప్పి తెలుస్తున్నాయో లేదో కూడా చూస్తారు.

వేళ్లు లాగమనడం ఊరికే కాదు. హంగరీ వైద్యుడు యెండ్రాసిక్ 1885లో చెప్పిన పద్ధతి అది. అణిగి ఉన్న జర్కు దాంతో బయటపడుతుంది. అది చేయించకుండా ‘లేదు’ అని రాయకూడదు. మీ డాక్టరుగారు శ్రద్ధగా చూశారు.

మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడుతుంటే బి12 పరీక్ష చేయించండి. నాన్నగారు చేలోంచి రాగానే కాళ్లు కడిగించి, వేళ్ల సందులు తుడిచి, అరికాళ్లు మంచి వెలుతురులో మీరే చూడండి. ముల్లు దిగినా ఆయనకు తెలియకపోవచ్చు.

ప్రశ్న: నాకు 22 ఏళ్లు. జర్కులు ‘3+’ అని రాశారు. జబ్బా?
- తెనాలి

జవాబు: ఆ అంకె ఒక్కటే జబ్బు కాదు. 0 నుంచి 4 దాకా వేసే లెక్కలో 2 మామూలు. కుడి ఎడమలు, చేతులు కాళ్లు ఒకే తీరుగా చురుగ్గా ఉండి, వేరే ఇబ్బంది లేకపోతే భయం లేదు. కంగారులోనూ అలా ఉంటుంది. థైరాయిడ్ ఎక్కువైనా ఉంటుంది, ఒకసారి చూపించుకోండి. ఒక పక్కే ఎక్కువైనా, చేతుల్లో మామూలుగా ఉండి కాళ్లలోనే ఎక్కువైనా, అరికాలు గీస్తే బొటనవేలు పైకి లేచినా మాత్రం కారణం వెతకాలి. నల్లగొండ, కనిగిరి వైపు ఫ్లోరోసిస్ ముదిరి వెన్నుపాము నలిగినవారికి కాళ్లలో జర్కులు అలాగే ఎక్కువై కాళ్లు బిగుసుకుంటాయి.

ప్రశ్న: మా వీధిలో ఒకాయనకు సుత్తితో కొట్టి చూసి జీబీఎస్ (గీలన్-బారే సిండ్రోమ్) అనుమానం అన్నారు. అదెలా?
- రేపల్లె

జవాబు: రోజుల వ్యవధిలో కాళ్లలో బలం తగ్గి, ఆ నీరసం పైకి పాకుతూ, జర్కులు పోతే మొదట అనుమానించేది దాన్నే. 2025 ఫిబ్రవరిలో గుంటూరు ప్రభుత్వాసుపత్రికి (జీజీహెచ్) ఈ కేసులు వచ్చాయి. మొదటి రోజుల్లో జర్కులు ఉండనూ వచ్చు, కాబట్టి మర్నాడు మళ్లీ కొట్టి చూడాలి. ఊపిరి కండరాలకు పాకితే ప్రాణం మీదికొస్తుంది. ఐవీఐజీ (నరంలోకి ఎక్కించే యాంటీబాడీల మందు) గానీ ప్లాస్మా మార్పిడి గానీ తొందరగా మొదలుపెడితే మేలు. నిన్న మెట్లెక్కిన మనిషి ఇవాళ ఎక్కలేకపోతుంటే బలం సూదులతో పొద్దు పుచ్చకుండా, రాత్రయినా సరే, గుంటూరు బయల్దేరండి.