వాణిజ్య ప్రదర్శనలు - పర్యావరణం: మొబైల్‌తో మేలెంత?

ఏటా నవంబరు 14 నుంచి 27 వరకు ఢిల్లీలోని భారత్ మండపంలో భారత అంతర్జాతీయ వాణిజ్య ప్రదర్శన జరుగుతుంది. కేంద్ర వాణిజ్య శాఖ పరిధిలోని ఇండియా ట్రేడ్ ప్రమోషన్ ఆర్గనైజేషన్ (ఐటీపీఓ) దీన్ని నిర్వహిస్తుంది. హైదరాబాద్‌లో హైటెక్స్ ఇలాంటి ప్రదర్శనలకు ప్రధాన వేదిక. అమ్మేవారిని, కొనేవారిని ఒకచోట కలిపే ఈ ప్రదర్శనలు పరిశ్రమకు ఎంతో అవసరం. అయితే చివరిరోజు సాయంత్రం ఏ హాల్లో చూసినా చించిన ఫ్లెక్సీలు, థర్మాకోల్ అక్షరాలు, తివాచీ ముక్కలు, కట్ట విప్పని బ్రోచర్లు కుప్పలుగా కనిపిస్తాయి. ఈ భారాన్ని తగ్గించడంలో మొబైల్ సాంకేతికత పాత్ర ఏమిటి, దాని పరిమితులేమిటి అన్నది పోటీ పరీక్షల్లో పర్యావరణం, శాస్త్ర సాంకేతికం రెండు విభాగాలకూ పనికొచ్చే అంశం.

ఉద్గారాలు ఎక్కడి నుంచి?

గ్రీన్‌హౌస్ వాయువుల లెక్కింపు ప్రమాణాలు ఉద్గారాలను మూడు రకాలుగా విభజిస్తాయి.

- స్కోప్-1: నిర్వాహకులు నేరుగా మండించే ఇంధనం. ఉదా: డీజిల్ జనరేటర్లు.
- స్కోప్-2: కొనుగోలు చేసిన విద్యుత్. ఉదా: హాలు ఏసీలు, దీపాలు.
- స్కోప్-3: మిగిలిన పరోక్ష ఉద్గారాలు. సందర్శకుల ప్రయాణాలు, సరకు రవాణా, స్టాళ్ల సామగ్రి, ఆహారం, వ్యర్థాలు ఇందులోకి వస్తాయి.

అంతర్జాతీయ ప్రదర్శనల్లో సింహభాగం ప్రయాణాలదే, అందులోనూ విమానాలదే. కంటికి కనిపించే కాగితం వాటా చాలా తక్కువ. కాబట్టి బ్రోచర్లు మానేసినంత మాత్రాన ప్రదర్శన పర్యావరణ హితం అయిపోదు.

మొబైల్ ఉపయోగాలు

1. క్యూఆర్ కోడ్: వాహన విడిభాగాల జాడ తెలుసుకోవడానికి 1994లో జపాన్‌లోని డెన్సో వేవ్‌లో మసహిరో హారా బృందం దీన్ని రూపొందించింది. మూలల్లోని మూడు పెద్ద చతురస్రాల వల్ల కెమెరా ఏ కోణంలో ఉన్నా కోడ్‌ను గుర్తుపడుతుంది. అత్యధిక దోష సవరణ స్థాయిలో కోడ్ సుమారు 30 శాతం దెబ్బతిన్నా సమాచారం చదవొచ్చు.

ఒక వ్యవసాయ పంపుసెట్ల స్టాల్‌నే తీసుకుందాం. బల్లపై బ్రోచర్ల దొంతరకు బదులు ఒక్క కోడ్ అతికిస్తే చాలు. రైతు దాన్ని స్కాన్ చేసి ధర, సామర్థ్యం, సర్వీసు కేంద్రాల వివరాలు తెలుగులోనే చదువుకోవచ్చు. ఇక్కడ రెండు రకాల కోడ్‌ల తేడా తెలియాలి. స్టాటిక్ కోడ్‌లో సమాచారం స్థిరంగా ఉంటుంది, మార్చాలంటే కొత్త కోడ్ ముద్రించాలి. డైనమిక్ కోడ్‌లో ఉండేది దారి మళ్లించే లింకు మాత్రమే. అందువల్ల ధర మారినా కోడ్ మార్చనక్కర్లేదు, వెనకున్న పేజీని సవరిస్తే సరిపోతుంది.

2. ఫోన్‌లోనే పాస్, విజిటింగ్ కార్డు: ప్రవేశపాస్ ఫోన్ తెరపైనే ఉంటే ముద్రిత టికెట్లు, మెడలో వేసుకునే ప్లాస్టిక్ ట్యాగుల అవసరం తగ్గుతుంది. సందర్శకుడు తన కోడ్ చూపిస్తే స్టాల్‌వారికి అతని వివరాలు అందుతాయి.

3. కచ్చితమైన లెక్క: మొబైల్ వల్ల కలిగే అసలు మేలు ఇదే. ముందుగా నమోదు చేసుకున్నవారిని భోజనం చేస్తారా అని యాప్‌లో అడిగితే వంట ఆ లెక్కకు తగ్గట్టే చేయొచ్చు, అన్నం పారబోయాల్సిన పని తగ్గుతుంది. గేట్ల దగ్గర స్కాన్లను గంటగంటకూ చూస్తే జనం లేని హాల్లో ఏసీ తగ్గించవచ్చు.

4. ప్రయాణాల తగ్గింపు: మెట్రో, షటిల్ బస్సుల సమయాలు యాప్‌లోనే తెలిస్తే సొంత కార్లు తగ్గుతాయి. ఎవరిని కలవాలో ముందే ఖరారు చేసుకుంటే ఒకే రాకతో పని పూర్తవుతుంది. వీడియోలో మాట్లాడితే సరిపోయే పనికి దూరప్రాంతాల వారు విమానం ఎక్కనక్కర్లేదు.

పరిమితులు

- ఫోన్లు, తెరలు, సర్వర్లకూ విద్యుత్ కావాలి. పాడైన పరికరాలు ఈ-వ్యర్థాలవుతాయి.
- స్మార్ట్‌ఫోన్ లేని చేతివృత్తులవారు, వృద్ధులు వెనకబడిపోతారు. వారికోసం సహాయ కేంద్రం, కొద్దిపాటి ముద్రిత ప్రతులు ఉంచాల్సిందే.
- సందర్శకుల వివరాలు సేకరించేటప్పుడు డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం-2023ను దృష్టిలో ఉంచుకోవాలి. ఎందుకు తీసుకుంటున్నారో స్పష్టంగా చెప్పాలి.
- ఒక్కసారి వాడి పడేసే స్టాళ్ల సమస్యను యాప్ తీర్చలేదు. విడదీసి మళ్లీ బిగించుకునే స్టాళ్లు రావాలి.

నిబంధనలు, ప్రమాణాలు

- 2022 జులై 1: దేశంలో కొన్ని ఒకసారి వాడే ప్లాస్టిక్ వస్తువులపై నిషేధం అమల్లోకి వచ్చింది. ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, 100 మైక్రాన్ల లోపు పీవీసీ బ్యానర్లు, అలంకరణకు వాడే థర్మాకోల్ ఈ జాబితాలో ఉన్నాయి.
- ఐఎస్‌ఓ 20121: కార్యక్రమాల సుస్థిర నిర్వహణ ప్రమాణం. 2012లో వెలువడింది, 2024లో సవరించారు.
- నెట్ జీరో కార్బన్ ఈవెంట్స్: కార్యక్రమాల నిర్వహణ రంగం చేపట్టిన ఈ ఉద్యమం 2021 నవంబరులో గ్లాస్గో కాప్-26 వాతావరణ సదస్సులో ప్రారంభమైంది. లక్ష్యం: ఉద్గారాలను 2030 నాటికి సగానికి తగ్గించి, 2050 నాటికి నికర శూన్యానికి చేర్చడం.

ముగింపు

కాగితం ఆదా చేయడం మొదటి మెట్టు మాత్రమే. ఎందరు వచ్చారు, ఎలా వచ్చారు, ఎంత తిన్నారు, ఎంత పారేశారు అన్న లెక్క ఫోన్ ద్వారా తేలాలి. ఆ లెక్కను బట్టి నిర్వాహకులు మరుసటి ఏడాది ఏర్పాట్లు మార్చాలి. అప్పుడే సాంకేతికత పర్యావరణానికి నిజంగా మేలు చేసినట్లు.

మాదిరి ప్రశ్నలు

1. ఐఎస్‌ఓ 20121 ప్రమాణం దేనికి సంబంధించింది?
1) ఆహార భద్రత 2) సమాచార భద్రత 3) కార్యక్రమాల సుస్థిర నిర్వహణ 4) విద్యుత్ పరికరాలు
జవాబు: 3

2. కింది వాక్యాల్లో సరైనది?
ఎ. సందర్శకుల విమాన ప్రయాణ ఉద్గారాలు నిర్వాహకుల లెక్కలో స్కోప్-3 కిందకు వస్తాయి.
బి. కొనుగోలు చేసిన విద్యుత్ స్కోప్-1 కిందకు వస్తుంది.
1) ఎ మాత్రమే 2) బి మాత్రమే 3) రెండూ 4) రెండూ కావు
జవాబు: 1

3. మెయిన్స్: వాణిజ్య ప్రదర్శనలను పర్యావరణ హితంగా మార్చడంలో మొబైల్ సాంకేతికత అవకాశాలు, పరిమితులను చర్చించండి.